గండిలోకి దిగే ముందు: కాన్యనింగ్ గురించి తల్లిదండ్రులకు నాలుగు మాటలు



దసరా సెలవులు దగ్గర పడ్డాయి. ఒకప్పుడు సెలవులంటే అమ్మమ్మగారి ఊరు. ఇప్పుడు పిల్లల జాబితాలో అడ్వెంచర్ క్యాంపు, ట్రెక్కింగ్, తాడు కట్టుకుని జలపాతం దిగడం కూడా చేరాయి. మొన్నటి పేరెంట్-టీచర్ మీటింగులో ఎనిమిది, తొమ్మిది తరగతుల తల్లిదండ్రులు కొందరు నన్ను దాదాపు ఒకే మాట అడిగారు. "మేడమ్, మా వాడు ఫోన్‌లో రీల్స్ చూసి జలపాతంలోకి దిగుతానంటున్నాడు. మీరు వెళ్లొచ్చారట కదా, పంపమంటారా?" ఒక అమ్మాయి వాళ్ల నాన్నగారైతే, "ఫారం ఇచ్చారు, సంతకం పెట్టేశాను, ఏముందో చదవలేదు" అన్నారు.

అసలు పంపను అనేవారికీ, చదవకుండా సంతకం పెట్టేవారికీ కావలసిన సమాచారం ఒకటే. ఆ ఆట ఏమిటి, అందులో ప్రమాదం ఎక్కడినుంచి వస్తుంది, ఎవరిని ఏమడగాలి అన్నది తెలిస్తే సరే అన్నా, వద్దన్నా ఆ నిర్ణయం మీది అవుతుంది. ఈ నెల వ్యాసం అందుకే.

కాన్యనింగ్ అంటే ఏమిటి?

కొండల మధ్య నది గానీ వాగు గానీ రాయిని కోసుకుంటూ చేసుకున్న ఇరుకు లోయను ఇంగ్లిష్‌లో కాన్యన్ అంటారు. మన తెలుగులో దీనికి చక్కని మాట ఉంది: గండి. కడప జిల్లాలో పెన్నా నది ఎర్రమల కొండలను చీల్చుకుంటూ పోయే చోట కట్టిన కోటకు గండికోట అని పేరు వచ్చింది అందుకే.

అలాంటి గండిలో పైనుంచి కిందికి నీటి వెంట ప్రయాణం చేయడమే కాన్యనింగ్. కొంతదూరం నడుస్తారు, కొంతదూరం ఈదుతారు, నున్నటి రాయి వస్తే జారుతారు, లోతైన మడుగు వస్తే దూకుతారు, జలపాతం వస్తే తాడు కట్టుకుని దిగుతారు. ట్రెక్కింగ్‌లో కొండ ఎక్కి దిగుతాం. ఇందులో దిగడమే పని, అదీ నీటితో కలిసి.

దీని మూలాలు ఐరోపాలో ఉన్నాయి. ఫ్రాన్స్‌లో వెర్డన్ అనే లోతైన గండిని ఎడ్వార్డ్ ఆల్ఫ్రెడ్ మార్టెల్ అనే అన్వేషకుడు 1905లో తన బృందంతో దాటాడు. అప్పట్లో అది అన్వేషణ. తరువాత గుహలు, కొండలు ఎక్కేవారి తాళ్లూ పరికరాలూ తోడై అది క్రీడగా మారింది. అమెరికాలో దీన్ని కాన్యనీరింగ్ అనీ, దక్షిణాఫ్రికాలో క్లూఫింగ్ అనీ పిలుస్తారు.

తాడు మీద దిగడాన్ని రాపెల్లింగ్ అంటారని మీ పిల్లలు చెప్పే ఉంటారు. ఇంగ్లిష్ టీచర్‌గా ఈ పదం అర్థం చెప్పకుండా ఉండలేను. రాపెల్ అనేది ఫ్రెంచ్ మాట. దాని అర్థం "వెనక్కి పిలవడం". అందరూ దిగాక తాడును కింద నుంచి లాగి తమ దగ్గరకు పిలిపించుకుంటారు కాబట్టి ఆ పేరు వచ్చింది. ఈ అర్థాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీనితో పని పడుతుంది.

మనకు దగ్గరలో ఎక్కడ?

గుంటూరు, ప్రకాశం అంటే పత్తి, మిర్చి పండే చదును నేలలు. మన పిల్లలకు కొండ అంటే కోటప్పకొండ, కొండవీడు. పడమర వైపు వెళితే నల్లమల వస్తుంది. అక్కడ వాగులు, జలపాతాలు ఉన్నాయి గానీ చాలా భాగం పులుల అభయారణ్యం. అటవీ శాఖ అనుమతి లేకుండా లోపలికి వెళ్లడమే తప్పు.

మనందరం పిక్నిక్‌కు వెళ్లే ఎత్తిపోతల సంగతి అడుగుతారేమో. మాచర్ల దగ్గర చంద్రవంక వాగు సుమారు 70 అడుగుల ఎత్తు నుంచి దూకే అందమైన చోటు అది. కానీ కింద మడుగులో మొసళ్లు ఉంటాయి, అక్కడ మొసళ్ల పెంపక కేంద్రమే ఉంది. కాబట్టి అది దూరం నుంచి చూసే జలపాతం, దిగేది కాదు. ఒక జలపాతం చూడటానికి బాగుంది అంటే దిగడానికి బాగున్నట్టు కాదని చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ ఉండదు.

మన తెలుగు రాష్ట్రాల్లో అరకు దారిలోని కటికి జలపాతం దగ్గర, ఆదిలాబాద్ జిల్లా నేరడిగొండ వైపు గాయత్రి జలపాతం దగ్గర తాళ్లతో దిగే కార్యక్రమాలు జరిగాయి. గండికోటలో సాహస క్రీడల అకాడమీ ఉంది. వర్షాకాలంలో గైడుల బృందాలు క్రమం తప్పకుండా నడిపే చోట్లు మహారాష్ట్ర పడమటి కనుమల్లో ఎక్కువ. నేను మొదటిసారి దిగింది అక్కడే, కసారా కనుమ దగ్గరి విహిగావ్ జలపాతంలో. సుమారు 120 అడుగులు. పూర్తి కాన్యనింగ్‌లో ఇలాంటి దిగుళ్లు వరుసగా వస్తాయి. ఒక్క జలపాతం దిగడం అందులో మొదటి మెట్టు అనుకోవచ్చు.

తాడు మనిషిని ఎలా ఆపుతుంది?

చాలామంది తల్లులకు ఉండే భయం, తాడు తెగితే ఏమవుతుందని. మా అమ్మ కూడా అదే అడిగింది. ఈ పనికి వాడే తాడు పెద్దగా సాగని రకం, చిటికెన వేలంత మందం. మంచి ప్రమాణాలున్న మందమైన తాడు 2,200 కిలోల లాగుడుకు తట్టుకునేలా తయారవుతుంది. గుంటూరు యార్డు లెక్కలో చెప్పాలంటే దాదాపు 50 మిర్చి టిక్కీల బరువు. పాతబడకుండా, పదునైన రాతి అంచు మీద ఒరుసుకోకుండా చూసుకుంటే ఆ తాడు మనిషి బరువుకు తెగదు. అందుకే తాడు ఎంత బలమైనదని అడగడం కన్నా, రాతి అంచు దగ్గర తాడు కింద ఏం వేస్తారు, తాడు ఎన్నాళ్ల నాటిది అని అడగడం మేలు.

మరి మనిషి సర్రున జారిపోకుండా ఏది ఆపుతుంది? రాపిడి. బెదిరిన గేదె పలుపును గుంజకు రెండు చుట్లు చుడితే దాన్ని ఒక్క చేత్తో ఆపగలం, చూసే ఉంటారు. ఇక్కడా అదే సూత్రం. నడుముకు, తొడలకు పట్టీలతో బిగించే హార్నెస్‌కు అంకె 8 ఆకారంలో ఉన్న లోహపు పరికరం తగిలిస్తారు. తాడు దాని చుట్టూ తిరిగి వెళుతుంది. కింది చేత్తో తాడును బిగిస్తే ఆగుతాం, వదులు చేస్తే దిగుతాం. ఆ చెయ్యి మాత్రం తాడు వదలకూడదు. నీళ్లలో తడిసిన తాడుకు రాపిడి తగ్గవచ్చు కాబట్టి నేల మీద నేర్చుకున్నదానికన్నా జలపాతంలో వేగం ఎక్కువగా ఉండవచ్చు.

పిల్లవాడు కంగారులో చెయ్యి వదిలేస్తే? అందుకే రెండో కాపు ఉండాలి. దాన్ని బిలే అంటారు. పైనున్న గైడు రెండో తాడుతో పట్టి ఉంచుతాడు, లేదా కింద నిలబడిన గైడు అదే తాడును గట్టిగా లాగి ఆపుతాడు. ఈ రెండిట్లో ఏదీ లేకుండా మొదటిసారి దిగే పిల్లలను దించితే అది క్యాంపు కాదు, జూదం.

హెల్మెట్ తప్పనిసరి. ఎక్కువగా పడేవి మనుషులు కాదు, పైనుంచి రాళ్లు. జలపాతం హోరులో గొంతు వినపడదు కాబట్టి ఈలతో, చేతి సైగలతో మాట్లాడుకుంటారు. ఎన్ని ఈలలకు ఏ అర్థమో ముందే నేర్పించాలి. ఆడపిల్లల తల్లులకు ఒక మాట: జడ వదులుగా ఉన్నా, చున్నీ ఉన్నా ఆ లోహపు పరికరంలో చిక్కుకుంటాయి. జడను హెల్మెట్ లోపలికి ముడిచి పెట్టాలి, చున్నీ వద్దు.

మొదటి దిగుడులో నేను చూసింది

మా బృందంలో పన్నెండు మందిమి. పొద్దున ఇద్దరు గైడులు మమ్మల్ని నీటి దగ్గరకు తీసుకెళ్లకుండా, ముందు ఒక చెట్టు దగ్గర గంటసేపు అభ్యాసం చేయించారు. హార్నెస్ వేసుకోవడం, విప్పడం, చెయ్యి ఎక్కడ పెట్టాలి, కాళ్లు ఎంత వెడల్పుగా ఉంచాలి. ప్రతివాళ్ల పట్టీలను ఒక గైడు చూస్తే, అవే పట్టీలను రెండో గైడు మళ్లీ చూశాడు. మాకు పరీక్ష పేపర్లు ఒకరు దిద్దితే ఇంకొకరు సరిచూస్తారే, అలాగన్నమాట.

అంచు దగ్గర నిలబడి వీపును శూన్యంలోకి వాల్చాలి. కష్టమంతా ఆ మొదటి అడుగులోనే ఉంది. శరీరం ఒప్పుకోదు. నిటారుగా నిలబడాలనిపిస్తుంది, అలా నిలబడితే కాళ్లు జారతాయి. వెనక్కి వాలితేనే పాదాలు రాతికి అతుక్కుంటాయి. సగం దిగాక నీళ్లు తల మీద పడతాయి. ఊపిరి ఆడనట్టు అనిపిస్తుంది. గడ్డం ఛాతీకి ఆనిస్తే హెల్మెట్ అంచు కింద గాలి దొరుకుతుందని పొద్దున చెప్పిన మాట అక్కడ పనికొచ్చింది.

ఆ రోజు నాకు ఎక్కువగా గుర్తుండిపోయింది మాత్రం నా దిగుడు కాదు. మా బృందంలో వాళ్ల బాబాయితో వచ్చిన పదో తరగతి అబ్బాయి ఒకడు ఉన్నాడు. బస్సులో అందరికన్నా ఎక్కువ హుషారు. అంచు దగ్గరకు వచ్చాక కిందికి చూసి, "నేను దిగను" అన్నాడు. వాళ్ల బాబాయి, "ఇంతదూరం వచ్చి ఇదేంట్రా, డబ్బులు కట్టాం కదా" అనబోయాడు. గైడు చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. అబ్బాయిని ఒక్క మాట అడిగాడు, "దిగనా, కాసేపు ఆగనా?" అని. "దిగను" అన్నాడు వాడు. గైడు వాడి తాడు విప్పి, భుజం తట్టి, మెట్ల దారిన కిందికి పంపాడు. అంతే. ఎవరూ నవ్వలేదు. మధ్యాహ్నం మాతోపాటు కూర్చుని జొన్న రొట్టె తిన్నాడు. తరువాత దిగేవాళ్లకు కింద నుంచి చేతులూపాడు.

మన క్లాసుల్లో చేతకాదు అని చెప్పిన పిల్లవాడిని ఎంతమందిమి అలా గౌరవంగా కూర్చోబెడతాం అని నాకు అనిపించింది. పిల్లలను ఎవరితో పంపాలో తేల్చుకోవడానికి నాకైతే అది ఒక్కటి చాలు: దిగను అన్న పిల్లవాడితో ఆ గైడు ఎలా ఉంటాడు?

అసలు ప్రమాదం ఎగువన ఉంటుంది

కల్లంలో మిర్చి ఆరబోసిన రైతు వాన పడ్డాక పట్టా కప్పడు. మబ్బు పట్టిందంటేనే కప్పుతాడు. గండిలోకి దిగేవాడికీ కావలసింది అదే చూపు.

ఇరుకు గండిలో ఆకాశం ఒక చీలికలా కనిపిస్తుంది. అక్కడ ఎండగానే ఉండవచ్చు. కానీ ఎగువన పది, పదిహేను కిలోమీటర్ల దూరంలో కుండపోత పడితే ఆ నీరంతా ఈ ఇరుకు సందులోకే వస్తుంది. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ మార్కాపురం వైపు ఎలా పొంగుతుందో ప్రకాశం జిల్లావాళ్లకు చెప్పక్కర్లేదు. ఊళ్లో చినుకు లేకపోయినా కొండల్లో పడిన వానకు వాగు వస్తుంది. చదును నేలలో ఆ నీరు పక్కకు పరుచుకుంటుంది. గండిలో పక్కకు పోయే చోటు లేదు, పైకి లేస్తుంది.

నీటి బలం మనం అనుకునేదానికన్నా ఎక్కువ. ఒక ఘనపు మీటరు నీరు వెయ్యి కిలోలు. ప్రవాహ వేగం రెండింతలైతే అది మనిషిని నెట్టే బలం నాలుగింతలవుతుంది. అందుకే మోకాలి లోతు వాగులో కూడా పెద్దవాళ్లు కొట్టుకుపోతారు.

ఈ విషయం లోకానికి చేదుగా తెలిసింది 1999 జులై 27న. స్విట్జర్లాండ్‌లో ఇంటర్‌లాకెన్ దగ్గర జాక్సెట్‌బాఖ్ అనే వాగు గండిలోకి గైడులతో దిగిన బృందాల మీదికి, ఎగువన కురిసిన తుపాను వాన వల్ల ఒక్కసారిగా వరద వచ్చింది. 21 మంది చనిపోయారు, వారిలో ముగ్గురు గైడులు. తాళ్లు ఉన్నాయి, హెల్మెట్లు ఉన్నాయి. ఆ సాయంత్రం దిగకుండా ఆగాలన్న నిర్ణయమే లేదు. 2001లో అక్కడి కోర్టు ఆ యాత్ర నడిపిన సంస్థకు చెందిన కొందరిని నిర్లక్ష్యం కింద దోషులుగా తేల్చింది.

మన తెలుగువారికి ఇంకా దగ్గరి గాయం 2014 జూన్ 8. హైదరాబాద్ నుంచి హిమాచల్ ప్రదేశ్ విహారయాత్రకు వెళ్లిన ఇంజినీరింగ్ విద్యార్థులు మండి జిల్లా థలౌట్ దగ్గర బియాస్ నదిలో రాళ్ల మీద ఫొటోలు తీసుకుంటున్నారు. ఎగువనున్న లార్జీ డ్యామ్ నుంచి వదిలిన నీరు వచ్చేసింది. 24 మంది విద్యార్థులు, వారితో ఉన్న టూర్ నిర్వాహకుడు కొట్టుకుపోయారు. వాళ్లు ఏ సాహసమూ చేయలేదు, నది ఒడ్డున నిలబడ్డారు. ఎగువన ఏముందో వారికి తెలియలేదు.

ఇప్పుడు రాపెల్ అనే మాట అర్థాన్ని గుర్తు చేసుకోండి. వరుస జలపాతాలున్న గండిలో మొదటి జలపాతం దిగి తాడును వెనక్కి పిలిచాక, వచ్చిన దారిన పైకి పోవడం కుదరదు. ముందుకు దిగుతూ పోవడమే. కాబట్టి వెనక్కి తిరగాలా అన్న నిర్ణయం మొదటి తాడు లాగక ముందే జరగాలి. వెనక్కి తిరగగలిగే సమయంలో తిరగడానికి సిద్ధంగా ఉన్న గైడు మంచి గైడు. ఈ ఆటలో అన్ని పరికరాల కన్నా విలువైనది అదే.

గండిలో ఉండగా వరద వచ్చే ముందు కొన్ని గుర్తులు కనిపించవచ్చు. తేటనీరు ఉన్నట్టుండి మట్టిరంగు తిరగడం, ఆకులు, పుల్లలు కొట్టుకు రావడం, నీటి హోరు మారడం. పిల్లలకు ఇవి చెప్పండి. ఇవి కనిపిస్తే సామాన్లు వదిలేసి ఎత్తైన చోటికి వెళ్లిపోవాలి, ఫోన్ కోసం కూడా ఆగకూడదు. ఏ గుర్తూ లేకుండా వచ్చే వరదలూ ఉంటాయి కాబట్టి గుర్తుల మీదే భరోసా పెట్టుకోకూడదు.

సంతకానికి ముందు అడగాల్సిన ఎనిమిది ప్రశ్నలు

మన దేశంలో కేంద్ర పర్యాటక శాఖ 2018లో సాహస పర్యాటక మార్గదర్శకాలు విడుదల చేసింది. శిక్షణ ఉన్న గైడులు, ప్రథమ చికిత్స, అత్యవసర ప్రణాళిక గురించి అందులో ఉంది. నిర్వాహకులకు ఫోన్ చేసి ఈ ప్రశ్నలు అడగండి. మొహమాటపడకండి. మంచి నిర్వాహకులు ఈ ప్రశ్నలకు సంతోషిస్తారు.

1. ఆ వాగుకు ఎగువన ఏముంది? డ్యామ్, చెరువు, కొండ ప్రాంతం ఏదైనా ఉందా? ఆ రోజు ఎగువ వాతావరణాన్ని ఎవరు చూస్తారు?

2. ఏ పరిస్థితిలో రద్దు చేస్తారు? రద్దు చేస్తే డబ్బు వాపసు ఇస్తారా, వేరే తేదీ ఇస్తారా? రద్దు చేస్తే ఎవరికైతే నష్టమో వారు రద్దు చేయడానికి వెనకాడతారు. అందుకే ఈ ప్రశ్న డబ్బు గురించి కాదు, భద్రత గురించి.

3. మధ్యలో ఆగిపోవాల్సి వస్తే గండి నుంచి బయటకు దారి ఎక్కడెక్కడ ఉంది?

4. ఒక్కో గైడుకు ఎంతమంది పిల్లలు? గైడు ఎక్కడ శిక్షణ పొందారు? డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్, ఉత్తరకాశీలోని నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మౌంటెనీరింగ్ వంటి సంస్థలు పర్వతారోహణ కోర్సులు నడుపుతాయి. నీటిలో రక్షణ, ప్రథమ చికిత్స శిక్షణ కూడా ఉందా అని అడగండి.

5. ప్రతి పిల్లవాడికీ రెండో కాపు ఉంటుందా?

6. హార్నెస్, హెల్మెట్, లైఫ్ జాకెట్ పిల్లల సైజువేనా? పెద్దవాళ్ల హార్నెస్ సన్నటి పిల్లలకు బిగించినా జారిపోవచ్చు.

7. అటవీ శాఖ లేదా స్థానిక అధికారుల అనుమతి ఉందా?

8. అక్కడ ఫోన్ సిగ్నల్ ఉంటుందా? దగ్గరి ఆసుపత్రి ఎంత దూరం? బండి ఎక్కడ నిలిపి ఉంటుంది?

"ఏం కాదు మేడమ్, మాకు పదేళ్ల అనుభవం" అన్నది ఈ ఎనిమిదింటిలో దేనికీ జవాబు కాదు.

పిల్లలను సిద్ధం చేయడం

సాహసం ఒక్క రోజులో రాదు. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కినప్పుడు ఆమె వయసు 13 ఏళ్ల 11 నెలలు. వ్యవసాయ కూలీల బిడ్డ, గురుకుల పాఠశాల విద్యార్థిని. ఆ రోజు అందరూ శిఖరం ఫొటో చూశారు. దాని వెనక భువనగిరి కొండ మీద రాయి ఎక్కడం నేర్చుకోవడం, తరువాత డార్జిలింగ్, లద్దాఖ్ శిక్షణ ఉన్నాయి. మన పిల్లలకూ వరుస అదే: ముందు ఈత, తరువాత పొడి రాయి మీద తాడు, ఆ తరువాతే నీళ్లు.

- ఈత రాకపోతే ముందు ఈత నేర్పించండి. లైఫ్ జాకెట్ ఉన్నా నీళ్లంటే కంగారు పడే పిల్లలకు ఇది సరిపోదు.
- ఉబ్బసం, మూర్ఛ, గుండె సమస్య, ఈ మధ్య ఎముక విరగడం వంటివి ఉంటే డాక్టరును అడగండి, నిర్వాహకులకు రాతపూర్వకంగా చెప్పండి. పంపరేమోనని దాచకండి.
- త్వరగా ఆరే బట్టలు, పట్టున్న బూట్లు ఇవ్వండి. జీన్స్, చెప్పులు వద్దు. పొడిబట్టల జత, టవలు వేరే కవరులో పెట్టండి.
- చలి గురించి చెప్పండి. రెంటచింతల ఎండలకు అలవాటైన మనకు ఇది నమ్మబుద్ధి కాదు. కానీ అంతే చల్లని గాలి కన్నా నీరు ఒంటి వేడిని దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. వణుకు, పెదవులు నీలం కావడం, మాట తడబడటం కనిపిస్తే వెంటనే బయటకు రావాలి.
- మడుగులోకి దూకడం విషయంలో ఒకే నియమం: అదే రోజు గైడు దిగి లోతు చూసిన చోటే, గైడు చెప్పాకే. నిరుడు లోతుగా ఉన్న చోటికి ఈసారి వరద రాయి కొట్టుకొచ్చి ఉండవచ్చు. తెల్లటి నురగ నీటిలో గాలి ఎక్కువ కాబట్టి అది మనిషిని సరిగా తేల్చదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది బయల్దేరే ముందు రాత్రి మీరు చెప్పే ఒక్క మాట: "అక్కడికెళ్లాక భయమేస్తే దిగొద్దు నాన్నా. డబ్బులు పోయినా ఫర్వాలేదు, మేం ఏమీ అనం." ఆ మాట మీ నోటి నుంచి విని వెళ్లిన పిల్లలు అంచు దగ్గర తోటివాళ్ల కోసం కాకుండా తమ కోసం నిర్ణయం తీసుకోగలరు.

పంపను అనుకునేవారికి

పంపకపోవడం మీ హక్కు. కానీ అంతటితో నీటి ప్రమాదం తప్పిందని అనుకోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం ఏటా సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోతున్నారు. 5 నుంచి 14 ఏళ్ల పిల్లల మరణాలకు కారణాల్లో అది మూడో స్థానంలో ఉంది. ఆ మరణాల్లో చాలావరకు జలపాతాల్లో జరిగేవి కావు. ఇంటి దగ్గరి నీటిలో, పెద్దలెవరూ చూడనప్పుడు జరిగేవి.

మన దగ్గర ఆ నీరు అంటే సాగర్ కుడి కాలువ, దాని మేజర్లు, పొలంలో తవ్విన నీటి కుంట, చీమకుర్తి వైపు నీళ్లు నిండిన క్వారీ గుంటలు. సిమెంటు లైనింగ్ కాలువ గట్టు ఏటవాలుగా, పాచి పట్టి ఉంటుంది. పడినవాడు ఈత వచ్చినా ఎక్కి రాలేడు. క్వారీ గుంట అంచు నుంచే నిలువు లోతు. అక్కడ హెల్మెట్ లేదు, గైడు లేడు, రెండో కాపు లేదు. సెలవుల్లో మధ్యాహ్నం పూట స్నేహితులతో కాలువకు పోయే పిల్లవాడు, శిక్షణ ఉన్న గైడుతో జలపాతం దిగే పిల్లవాడికన్నా ఎక్కువ ప్రమాదంలో ఉన్నాడు.

అందుకే క్యాంపుకు పంపినా పంపకపోయినా ఈ మూడు ప్రతి ఇంట్లో నేర్పండి. ఒకటి, ఒంటరిగా, పెద్దలు లేకుండా నీళ్లలో దిగకూడదు. రెండు, ఎగువన వాన పడినా, గేట్లు ఎత్తినా నీరు పెరుగుతుంది. ఫోన్‌లో వాతావరణ శాఖ మౌసమ్ యాప్, పిడుగుల హెచ్చరికకు దామిని యాప్ పెట్టుకోవచ్చు. మూడు, స్నేహితుడు మునుగుతుంటే వెంట దూకకూడదు. గట్టు మీద పడుకుని తాడు, కర్ర, చీర, మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బా ఏదో ఒకటి అందించాలి, పెద్దలను కేకలేసి పిలవాలి, 112 లేదా 108కు ఫోన్ చేయాలి. ఒకరిని కాపాడబోయి ఇద్దరు ముగ్గురు పోయిన వార్తలు మనం ఏటా చదువుతూనే ఉన్నాం.

ఈ సెలవుల్లో మీ అబ్బాయో అమ్మాయో క్యాంపు ఫారం తెచ్చి మీ ముందు పెడితే వెంటనే సంతకం పెట్టకండి, వెంటనే చింపేయకండి. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని ఆ ఎనిమిది ప్రశ్నలు స్పీకర్ ఫోన్‌లో అడగండి. జవాబులు వాళ్లనూ విననివ్వండి. అవి నచ్చకపోతే ఎందుకు పంపడం లేదో వాళ్లకే అర్థమవుతుంది. నచ్చి పంపితే, నీళ్ల దగ్గరకు వెళ్లాక ఎగువకు ఒకసారి చూసి, ఆ తరువాతే అడుగు వేస్తారు.